టీబీ మళ్లీ వచ్చిందనుకున్నాం

నాన్నకి పదేళ్ల కిందట టీబీ వచ్చింది. ఆరు నెలల కోర్సు ఒక్క రోజు కూడా తప్పకుండా మింగి బయటపడ్డాడు. పోయినేడాది సంక్రాంతికి మళ్లీ దగ్గు పట్టుకుంది, మనిషి చిక్కిపోయాడు, ఒకరోజు పొద్దున్నే పంపు దగ్గర ముఖం కడుక్కుంటూ దగ్గితే నెత్తురు పడింది. అమ్మ బిందెడు నీళ్లు కుమ్మరించి గచ్చు కడిగేసి, రెండు రోజుల దాకా మాకెవరికీ చెప్పలేదు.

గళ్ల పరీక్ష రెండుసార్లు చేస్తే రెండుసార్లూ టీబీ లేదనే వచ్చింది. అయినా ఎక్స్‌రేలో మచ్చ ఉంది కదా అని మా దగ్గర్లోని ఆస్పత్రిలో టీబీ మందులే మళ్లీ రాశారు, మూడు నెలలు మింగాడు. ఇప్పటికీ నా కడుపు మండేది ఇక్కడే. టీబీ తగ్గినవాళ్లకి నెలల తరబడి దగ్గు, నీరసం, నెత్తురు ఉండి, గళ్లలో టీబీ కనబడకపోతే ఫంగస్ ఏమోనని డాక్టరుని అడగండి, మేం అడగలేదు.

తర్వాత ఊపిరితిత్తుల డాక్టరు గారు సీటీ తీయించి, ఫిల్మ్ లైటు మీద పెట్టి చూపించారు. పాత టీబీ తొలిచిన గుంట, అందులో ఒక ఉండ, దాని పైన నెలవంకలా నల్లటి గాలి సందు. బోర్లా పడుకోబెట్టి తీస్తే ఆ ఉండ పక్కకి దొర్లింది! అదంతా బూజు, అంటే ఫంగస్. ఆస్పర్జిల్లస్ అంటారు, తడిసిన గడ్డివాములో, పెంటకుప్పలో ఎక్కడైనా ఉంటుంది, దాని బీజాలు మనందరం రోజూ పీలుస్తూనే ఉంటాం, బాగున్న ఊపిరితిత్తి వాటిని బయటికి నెట్టేస్తుంది, గుంట పడ్డచోట మాత్రం కాపురం పెట్టేస్తాయి. రక్తంలో దాని ఐజీజీ యాంటీబాడీలు, అంటే ఆ బూజుతో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునేవి, కూడా ఎక్కువగా వచ్చాయి.

ఫంగస్ అనగానే మా అత్త 2021 నాటి బ్లాక్ ఫంగస్ అనుకుని నాన్న కంచం వేరే పెట్టమంది. అది వేరు, ఇది వేరు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు.

మందు ఇట్రాకొనజోల్, 200 మి.గ్రా. రెండుపూటలా. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ దీన్ని పనిచేయనివ్వదని, అవి ఆపాక కొన్నాళ్లు ఆగి మొదలుపెట్టారు. ఆరు నెలలు వాడినవాళ్లకంటే ఏడాది వాడినవాళ్లలో తిరగబెట్టడం తక్కువని చండీగఢ్‌లోని పీజీఐ అనే పెద్ద ప్రభుత్వాసుపత్రి డాక్టర్లు 2022లో ప్రచురించారు, మాకూ ఏడాదే రాశారు. రెండు నెలలైనా గుణం కనబడక రక్తంలో మందు ఎంతుందో చూస్తే చాలా తక్కువ. నాన్న ఏళ్లుగా పరగడుపున వేసుకునే గ్యాస్ ట్యాబ్లెట్టే కారణం, ఈ క్యాప్సూల్ కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలట. ఆ ట్యాబ్లెట్ ఆపించి, కడుపునిండా అన్నం తిన్నాకే క్యాప్సూల్ వేసుకోమన్నారు.

ఇప్పుడు తొమ్మిదో నెల. నాలుగు కిలోలు పెరిగాడు. ఉండ అక్కడే ఉంది, నెత్తురు ఎక్కువగా పడితే కారుతున్న రక్తనాళాన్ని లోపల్నుంచి మూసేస్తారట, ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. ఆస్పత్రి నంబరు అమ్మ వంటింటి గోడ మీద బొగ్గుతో పెద్దగా రాసిపెట్టుకుంది.