మొదటిసారి గాలిలోకి: 22 నిమిషాల లెక్క

గత ఆదివారం ఉదయం 6 గంటల 40 నిమిషాలకు నేను సొంతంగా తయారుచేసుకున్న విమానం మొదటిసారి నేలను వదిలి, 22 నిమిషాలు గాలిలో ఉండి, బయలుదేరిన రన్‌వే మీదే దిగింది. ఇద్దరు కూర్చోగల, రెక్క కింది వైపున ఉండే విమానమిది. శరీరమంతా అల్యూమినియం రేకులను పాప్ రివెట్లతో బిగించినదే. ముందు భాగంలో రోటాక్స్ 912 యూఎల్ఎస్ ఇంజిన్ ఉంది. నా పుస్తకంలో రాసుకున్న లెక్క ప్రకారం దీనికి 5 ఏళ్లలో 1,430 గంటల పని పట్టింది. తొలి ప్రయాణంలో తేల్చుకోవలసినది ఒక్కటేనని ముందే నిశ్చయించుకున్నాను: ఇంజిన్ ఆగకుండా నడుస్తుందా, లేదా అన్నది. మిగిలిన పరీక్షలన్నీ తరువాతి రోజులకు వాయిదా వేశాను.

ఇంజిన్ ఆగిపోవడానికి తగిన కారణం ఒకటి మూడు వారాల ముందే దొరికింది. ఇంధనాన్ని పంపుతో తోడే విమానంలో, పూర్తి శక్తి వద్ద ఇంజిన్ తాగే దానికంటే కనీసం 25 శాతం ఎక్కువ ఇంధనం కార్బురేటర్ల దాకా రావాలి. ఈ ఇంజిన్ పూర్తి థ్రాటిల్‌లో గంటకు సుమారు 27 లీటర్లు తాగుతుంది కనుక, నిమిషానికి 0.56 లీటరుకు తగ్గకూడదు. ముందు చక్రం కింద చెక్క దిమ్మెలు పేర్చి ముక్కును 12 డిగ్రీలు పైకెత్తి, కార్బురేటర్ల దగ్గర గొట్టాలు విప్పి, విద్యుత్ పంపు నడుపుతూ కొలత డబ్బాలోకి పెట్రోలు పట్టాను. కుడి ట్యాంకు నుంచి నిమిషానికి 0.92 లీటరు వచ్చింది. ఎడమ ట్యాంకు నుంచి 0.48 మాత్రమే వచ్చింది. విప్పి చూస్తే, ఎడమ ట్యాంకు లోపలి జాలీకి అల్యూమినియం తురుము, దానితో పాటు గోరంత సీలెంట్ పొర అతుక్కుని ఉన్నాయి. మూత బిగించే ముందు కుడి ట్యాంకును రెండుసార్లు కడిగి, ఎడమదాన్ని ఒకేసారి కడిగిన ఘనత నాదే. శుభ్రం చేశాక అక్కడా 0.9 వచ్చింది, కానీ ఆ ట్యాంకు మీద అనుమానం మాత్రం మిగిలిపోయింది.

వేగం చూపే మీటరును నీళ్లతో పరీక్షించాను. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో పీటో గొట్టం (ఎదురుగాలిని పట్టి మీటరుకు చేర్చే గొట్టం) మీద పడే గాలి ఒత్తిడి దాదాపు 48 మిల్లీమీటర్ల నీటి మట్టానికి సమానం కాబట్టి, పారదర్శకమైన పైపును ఆంగ్ల యూ అక్షరంలా వంచి, నీళ్లు పోసి, ఒక కొనను పీటోకు తగిలించి, రెండవ కొనను మెల్లగా పైకెత్తితే సరిపోతుంది. మట్టాల తేడా 48 మిల్లీమీటర్లకు చేరగానే ముల్లు 100 దగ్గర నిలిచింది. అయితే పైపును నొక్కి పట్టుకున్న నిమిషంలోనే అది 80కి జారింది. ప్యానెల్ వెనుక మూడు గొట్టాలు కలిసే చోట ఒక గొట్టం సగమే ఎక్కి ఉంది. ఇంత చవకైన పరీక్ష మరొకటి లేదని నా అభిప్రాయం.

తూకంలో ఖాళీ బరువు 342 కిలోలు వచ్చింది. ముందు చక్రం మీద 58, మిగతాది వెనుక రెండు చక్రాల మీద పడింది. నా 74 కిలోలు, 50 లీటర్ల పెట్రోలుకు 36 కిలోలు కలిపితే 452 కిలోలు అయింది. గరిమనాభి, అంటే మొత్తం బరువు తూగే బిందువు, రెక్క ముందంచు నుంచి 40 సెంటీమీటర్ల వెనుక పడింది. నక్షాలో అనుమతించిన హద్దులు 32 నుంచి 50 దాకా ఉన్నాయి కనుక, అది ముందు సగంలోనే ఉండడం తొలిసారికి మేలు. వేగంగా ట్యాక్సీ చేసే, అంటే ఎగరకుండా నేల మీదే పరుగెత్తించే, పరీక్షలను రెండింటితోనే ఆపేశాను. ఎక్కువసార్లు చేస్తే బ్రేకులు కాలడమే కాక, సిద్ధంగా లేని క్షణంలో విమానం తనంతట తాను లేచిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఆ ఉదయం గాలి దాదాపు లేదు. ఇగ్నిషన్ (ఇంధనాన్ని మండించే విద్యుత్ ఏర్పాటు) ఆపి ఉందని రెండుసార్లు చూసుకుని, నూనె ట్యాంకులో గుడగుడ శబ్దం వినిపించే వరకు ప్రొపెల్లర్‌ను చేతితో తిప్పిన తరువాతే నూనె మట్టం చూశాను. నూనె 50 డిగ్రీలు దాటాక, 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) వద్ద రెండు ఇగ్నిషన్లను ఒక్కొక్కటిగా ఆపితే ఆ చుట్లు 140, 170 చొప్పున తగ్గాయి. 300 వరకు తగ్గవచ్చు, రెండింటి మధ్య తేడా 115 మించకూడదు. కుడి ట్యాంకునే ఎంచుకుని థ్రాటిల్ పూర్తిగా తెరిచాను.

పైకి ఎక్కేటప్పుడు నూనె వేడి 118 డిగ్రీలకు చేరింది. గరిష్ఠ పరిమితి 130 అయినా, అక్కడిదాకా ఆగకుండా ముక్కు దించి 5,000 ఆర్‌పీఎంకు తగ్గించగా 106 వద్ద స్థిరపడింది. విమానాశ్రయం నెత్తినే 3,000 అడుగుల ఎత్తులో తిరుగుతూ, నేల మీద రేడియోతో నిలబడిన మిత్రుడికి అయిదు నిమిషాలకొకసారి అంకెలు చదివి వినిపించాను. ఆయన రాసుకోబట్టే ఇప్పుడు ఇవి నా దగ్గర ఉన్నాయి, లేకుంటే నాకు ఒక్కటీ గుర్తుండేది కాదు. ఫ్లాపులు (రెక్కల వెనుక అంచున కిందికి వంగే పలకలు) దించి వేగం తగ్గిస్తూ పోతే మీటరు 72 చూపినప్పుడు తోక సన్నగా వణికింది. స్టాల్ దాకా, అంటే రెక్క విమానాన్ని మోయలేని స్థితి దాకా, వెళ్లకుండా అక్కడే ఆపి, దానికి 1.3 రెట్ల లెక్కన 95 వేగంతో దిగాను. కాస్త ఎత్తులోనే ముక్కు లేపడం వల్ల చక్రాలు ఒకసారి ఎగిరి పడ్డాయి.

ఇంజిన్‌ను కప్పే కౌలింగ్ విప్పి చూస్తే ఎక్కడా కారుడు లేదు. నూనెలోని అయస్కాంత ప్లగ్‌కు సన్నని నూగు తప్ప ముక్కలేవీ అంటలేదు. నూనె కూలర్ అంచుకూ కౌలింగ్‌కూ మధ్య వేలు దూరేంత సందు ఉండి, గాలి కూలర్ గుండా పోకుండా పక్కనుంచి జారిపోతోంది. అక్కడ సిలికాన్ రబ్బరు పట్టీ అతికించాను.

ఇక మిగిలినది ఎడమ రెక్క బరువుగా అనిపించడం. విమానాన్ని నడిపే స్టిక్‌ను దారి పొడవునా కుడికి నొక్కి పట్టుకోవలసి వచ్చింది. ఐలరాన్‌కు (విమానాన్ని పక్కకు వంచే, రెక్క చివరి పలకకు) ఆ బరువును సరిచేసే చిన్న ట్రిమ్ రేకు అతికించాలని వెంటనే చేతులు ఉవ్విళ్లూరాయి కానీ, ఎడమ సీట్లో నేను ఒక్కడినే ఉన్నాను, పైగా కుడి ట్యాంకు నుంచే 7 లీటర్లు, అంటే 5 కిలోలు ఖాళీ చేశాను. అందువల్ల రేకును పక్కన పెట్టి, ఎడమ ట్యాంకు ప్రవాహాన్ని మళ్లీ కొలిచాను, 0.9 వచ్చింది. రెండవసారి ఆ ట్యాంకు మీదే ఎగురుతాను.