నేను పోతే వీళ్ళ గతేమిటి?

బిడ్డలున్న వారెవరైనా ‘నేను పోతే వీళ్ళ గతేమిటి’ అని ఎప్పుడో ఒకప్పుడు అనుకోకుండా ఉండరు. జ్వరం మూడు రోజులైనా తగ్గనప్పుడో, బీమా కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడో ఆ మాట మనసులోకి వస్తుంది, కాసేపటికి దానంతటదే పోతుంది. నా 41వ ఏట ఆ మాట వచ్చి నాలుగు నెలలు కదలకుండా కూర్చుంది. చివరికి అది ప్రశ్నగా కూడా మిగలలేదు, దానికి నేనే ఒక జవాబు కనిపెట్టుకున్నాను. ఆ జవాబులో నా ప్రాణంతో పాటు పిల్లలిద్దరి ప్రాణాలూ ఉన్నాయి. అప్పటికి పెద్దవాడికి 9 ఏళ్ళు, చిన్నదానికి 5. ఈ రోజు ఇది రాయడానికి నేను, ఇల్లంతా అల్లరి చేయడానికి వాళ్ళు మిగిలి ఉన్నామంటే, ఒక డాక్టర్ అడగవలసిన ప్రశ్నను మొహమాటం లేకుండా అడగడమే కారణం.

జబ్బు నిద్రతో మొదలైంది. రాత్రి ఎప్పుడు పడుకున్నా మూడింటికి మెలకువ వచ్చేది, తెల్లవారుజాము అంతటి భయంకరమైన వేళ రోజంతటిలో మరొకటి ఉండేది కాదు. ఆకలి చచ్చిపోయింది, మనిషిని చిక్కిపోయాను. ఆ తరువాత లెక్కల పిచ్చి పట్టుకుంది. ఒక చిన్న నోటు పుస్తకంలో మాకు రావలసినవి ఒక వైపు, ఇవ్వవలసినవి మరొక వైపు రాసి, కూడి, తీసివేసి, రబ్బరుతో చెరిపి, మళ్ళీ కూడేవాడిని. ఒకే పేజీని అన్నిసార్లు చెరపడంతో కాగితం చిరిగి వెనక పేజీలోని అంకెలు కనిపించేవి. ఎన్నిసార్లు కూడినా మిగులే తేలేది, అయినా నేను ఏదో పెద్ద అప్పును రాయడం మరిచిపోయాననీ, మేము నిలువునా మునిగిపోయామనీ నాకు ఖాయంగా అనిపించేది. నా భార్య బ్యాంకు కాగితాలు తెచ్చి ముందు పెడితే, బ్యాంకు వాళ్ళే పొరబడ్డారని ఆమెకు ఓపికగా నచ్చజెప్పాను. తీవ్రమైన డిప్రెషన్ ముదిరినప్పుడు సర్వం పోయిందన్న భ్రాంతి ఇలాగే పుడుతుందనీ, ఎదుటివారి రుజువులతో అది కరగదనీ తరువాత తెలిసింది. అప్పుడు మాత్రం ఇంట్లో నిజం తెలిసినవాడిని నేనొక్కడినే అనుకున్నాను.

పిల్లల గురించిన ఆలోచన కోపంగా రాలేదు, ఈ విషయం నేను ఎంత నొక్కి చెప్పినా తక్కువే. అది జాలిగా వచ్చింది. చిన్నది నిద్రలో నా చేతి మీద కాలు వేసి పడుకుంటే, ఈ పాదం రేపు ఎవరి గుమ్మం ముందు నిలబడుతుందో అని కడుపు తరుక్కుపోయేది. వాళ్ళను ఈ లోకానికి వదిలి వెళ్ళడం కంటే క్రూరత్వం లేదని నమ్మాను. వాళ్ళకు అమ్మ ఉంది, మేనత్త ఉంది, చదువుంది, రేపటి గురించి వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి అన్న సంగతి నా ఊహలోకి రానేలేదు. పిల్లలు నా నుంచి విడిగా బ్రతికే మనుషులన్న ఎరుకనే జబ్బు ముందుగా మింగేసింది. అలా నిశ్చయించుకున్న రోజున, నెలల తరువాత మొదటిసారి, నా మనసు తేలికపడింది. ఆ పూట అందరితో కలిసి కూర్చుని తిన్నాను, పెద్దవాడితో నవ్వుతూ మాట్లాడాను. మందులు పనిచేస్తున్నాయని నా భార్య సంతోషించింది. బాగా కుంగిపోయిన మనిషిలో హఠాత్తుగా కనిపించే ప్రశాంతతను చూసి ఊరట చెందకూడదని ఆమెకు చెప్పినవారు అప్పటికి లేరు.

మందులని ఎందుకన్నానంటే, అప్పటికే ఒక డాక్టర్ దగ్గరకు వెళ్ళి వచ్చాం. అక్కడ నా చేత 9 ప్రశ్నల పత్రం ఒకటి నింపించారు. నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత అన్నీ అయ్యాక చివరి ప్రశ్న చావు గురించి, తనను తాను గాయపరచుకోవాలనిపించడం గురించి. ‘కొన్ని రోజులు’ అన్న గడిలో గీత పెట్టాను. ఆయన అది చూసి, పిల్లలున్నారా అని అడిగారు. ఇద్దరున్నారన్నాను. “మరింకేం, వాళ్ళ ముఖం చూసైనా ధైర్యంగా ఉండాలి” అన్నారు. ఆయన మంచివారే, నన్ను తేలికగా తీసుకోలేదు. కానీ పిల్లలుండడం మనిషిని చావు నుంచి వెనక్కి లాగుతుందన్న నమ్మకం అందరిలో ఎంత గట్టిగా ఉందంటే, ఆ పిల్లలే ప్రమాదంలో ఉండవచ్చన్న అనుమానానికి చోటే ఉండదు. చాలామంది విషయంలో ఆ నమ్మకం నిజమే కావచ్చు, నా విషయంలో తలకిందులైంది. ఆ పత్రంలో పిల్లల మీద ఒక్క ప్రశ్న లేదు. బాలింతల డిప్రెషన్‌ను గుర్తించడానికి 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నావళిలోనూ 10 ప్రశ్నలుంటే పదీ తల్లి గురించినవే, పదవది ఆమె తనకు తాను హాని తలపెట్టడం గురించి, బిడ్డ గురించి ఒక్కటీ లేదు. ఆ పత్రాలను తప్పుపట్టడం లేదు, అవి జల్లెడలు మాత్రమే. జల్లెడ పట్టిన తరువాత మనిషి నోటితో అడగవలసింది మిగిలే ఉంటుంది.

అడిగింది రెండో డాక్టర్. నా వాలకం చూసి అక్క పట్టుబట్టి మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్ళింది. ఆ డాక్టర్ చాలాసేపు నిద్ర గురించి, లెక్కల పుస్తకం గురించి మాట్లాడించి, మామూలు గొంతుతో “మీరు లేకపోతే పిల్లల పరిస్థితి ఏమవుతుందనుకుంటున్నారు?” అన్నారు.

“వాళ్ళను వదిలి వెళ్ళను డాక్టర్ గారూ” అన్నాను.

ఆ మాట విని మరొకరైతే నిశ్చింతగా తల ఊపి ఉండేవారు. ఆవిడ కలం పక్కన పెట్టి, “వదిలి వెళ్ళనంటే, వెంట తీసుకువెళ్తారనా?” అని అడిగారు.

నేను జవాబు చెప్పలేదు. బల్ల అంచు మీద రంగు లేచిపోయిన చోట గోటితో గీకుతూ కూర్చున్నానని గుర్తు. ఆవిడ నన్ను తిట్టలేదు, ఉలిక్కిపడలేదు. “ఇది మీ జబ్బు చెప్పిస్తున్న మాట. ఇది తగ్గే జబ్బు. తగ్గేవరకు మీరూ పిల్లలూ ఒకే చోట ఉండకూడదు. దీన్ని శిక్ష అనుకోకండి” అని, బయట ఉన్న నా భార్యను, అక్కను పిలిచి నా ఎదుటే వాళ్ళకు సంగతి చెప్పారు. ఆ సాయంత్రమే నన్ను వార్డులో చేర్చారు. సిగ్గుతో చచ్చిపోయాననాలి, కానీ నిజానికి కలిగింది సిగ్గు కాదు. ఒంటరిగా మోస్తున్న బరువును ఎవరో ఒక వైపు పట్టుకున్నట్టయింది.

వార్డులో 5 వారాలు ఉన్నాను. డిప్రెషన్ మందుతో పాటు భ్రాంతిని తగ్గించే మందు కూడా ఇచ్చారు. మందు ఒంటికి పట్టడానికి వారాలు పడుతుందనీ, అంతదాకా ఆగే వ్యవధి లేదనీ చెప్పి, మత్తు ఇచ్చి మెదడుకు కొద్దిపాటి కరెంటు పంపే ఈసీటీ చికిత్స 8 సార్లు చేశారు. కరెంటు షాకు అనగానే జనం భయపడతారు. నాకు దాని వల్ల ఆ రోజుల జ్ఞాపకాలు కొన్ని చెదిరిపోయిన మాట నిజం, కానీ భ్రాంతితో కూడిన డిప్రెషన్‌కు అంత వేగంగా పనిచేసే చికిత్సలు చాలా తక్కువన్నదీ నిజమే. నాలుగో వారంలో ఒక ఉదయం నోటు పుస్తకం తెప్పించుకుని మళ్ళీ లెక్క కూడాను. ఎప్పటి మిగులే వచ్చింది. ‘ఏమో, సరిపోయిందేమో’ అనిపించింది. అంతే, అంతకుమించిన వెలుగేమీ రాలేదు.

కోలుకున్నాక ఈ సంగతి మీద దొరికినంతా చదివాను. అమెరికా మనోవైద్యుడు ఫిలిప్ రెస్నిక్ 1969లో, తల్లిదండ్రుల చేతుల్లో బిడ్డలు మరణించిన 131 కేసులను వైద్య సాహిత్యం నుంచి సేకరించి కారణాలను బట్టి విడదీస్తే, వాటిలో దాదాపు సగం ‘బిడ్డ మేలు కోసం’ అన్న భావనతో జరిగినవిగా తేలాయి. జబ్బు మనిషి తన చావుతో పాటు బిడ్డనూ తీసుకుపోవడం అందులో ఒక రకం. ఆ పేజీలో నా ముఖమే కనిపించి పుస్తకం మూసేశాను, మర్నాడు మళ్ళీ తెరిచాను. జపానులో ఇలాంటి మరణాలకు ‘తల్లిదండ్రులూ బిడ్డలూ కలిసి చనిపోవడం’ అన్న అర్థమిచ్చే పాత మాట ఉంది, దానితో పాటు ‘బలవంతపు’ అన్న విశేషణం చేర్చిన మాట కూడా వాడుకలో ఉంది. తెలుగులో మనం ఇంకా ‘కుటుంబం ఆత్మహత్య’ అనే రాస్తున్నాం. 5 ఏళ్ళ పిల్ల ఆత్మహత్య చేసుకోదు. ఆ శీర్షికలో పిల్ల ఇష్టాన్ని కూడా మనమే కలిపేస్తున్నామని, అది చదివిన నాలాంటి జబ్బు మనిషికి ఈ పని కుటుంబమంతా కలిసి చేసేదేనన్న భ్రమ బలపడుతుందని రాసేవారు గమనిస్తే బాగుండును.

నా కథను అన్నిటికీ వర్తింపజేయకూడదు. విడిపోతానన్న భార్యకు జీవితాంతం ఏడుపు మిగల్చడానికి పిల్లలను చంపి తానూ చచ్చే మగవాడి సంగతి వేరు. అక్కడ కనిపించేది చాలాసార్లు అధికారం, కసి, అంతకుముందు నుంచీ సాగుతున్న గృహహింస. అటువంటి ఇళ్ళలో విడిపోయే సమయం చాలా ప్రమాదకరం, దానికి మందు బిళ్ళలు చాలవు, తల్లీపిల్లలకు రక్షణ కావాలి. మరొక వైపు, పసిబిడ్డను ఎత్తుకున్నప్పుడు ‘చెయ్యి జారితే?’, ‘నేనే ఏదైనా చేస్తే?’ అన్న వికారమైన ఊహ మెరిసి హడలిపోయే తల్లులూ తండ్రులూ కోకొల్లలు. ఊహ వచ్చినప్పుడు అసహ్యం, భయం కలిగి, బిడ్డను మరింత జాగ్రత్తగా పట్టుకుంటే, అది చాలావరకు ఆందోళన చేసే పని. నా ఆలోచన నన్ను భయపెట్టలేదు, సరైనదనిపించింది. తేడా అక్కడుంది. ఏ రకమో తేల్చుకునే బాధ్యతను మాత్రం ఎవరూ తమ మీద వేసుకోకూడదు. ఆ పని డాక్టర్‌ది. పిల్లల్ని తీసుకుపోవడమే మేలని అనిపిస్తున్నవారు ఈ పూటే ఒక మనిషికి ఆ మాట చెప్పి, పిల్లల్ని మరొకరికి అప్పగించి, ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

ఇంటికి వచ్చాక మొదటి నెలలు వార్డు కంటే కష్టంగా గడిచాయి. నా మందులు భార్య దగ్గర ఉండేవి, పిల్లలతో నేను ఒంటరిగా ఉండకూడదన్న నియమం డాక్టర్ ఎత్తివేసేదాకా సాగింది. రాత్రి ఆమె పిల్లల గదిలో పడుకుని లోపలి నుంచి గడియ పెట్టుకునేది. చప్పుడు కాకుండా పెట్టాలని చూసేది, కానీ ఆ గడియ కొంచెం బిగువు, చివర్లో టక్కుమనేది. మొదట ఆ శబ్దానికి ముఖం కప్పుకుని ఏడ్చాను. కొన్నాళ్ళకు, ఆ శబ్దం వినిపిస్తే గానీ నాకు నిద్ర పట్టేది కాదు. డాక్టర్ ఆ నియమం ఎత్తివేసిన తరువాత కూడా ఆమె కొన్ని రాత్రులు గడియ పెట్టుకుంది. ఎందుకని నేను అడగలేదు, అడిగే హక్కు నాకుందని ఇప్పటికీ అనుకోను.

డిప్రెషన్ తిరగబెట్టగల జబ్బు. అందుకని గుర్తులు నాలుగు రాసి నేను, నా భార్య, అక్క ముగ్గురం దగ్గర పెట్టుకున్నాం: మూడింటి మెలకువ, తిండి తగ్గడం, నోటు పుస్తకం బయటకు రావడం, పిల్లల గురించి జాలిగా మాట్లాడడం. అక్క వీటితో ఆగలేదు. నెలకోసారి ఫోన్ చేసి, చుట్టూ తిప్పకుండా, “పిల్లల గురించి ఏమాలోచిస్తున్నావురా?” అని డాక్టర్ అడిగినట్టే అడుగుతుంది. మొదట్లో ఆ ప్రశ్నకు ఒళ్ళు జలదరించేది. పోయిన నెల అడిగినప్పుడు, “పెద్దవాడికి భిన్నాలు అర్థం కావడం లేదక్కా, ఎలా చెప్పాలో తెలియడం లేదు” అన్నాను. అక్క కాసేపు ఏమీ అనలేదు. తరువాత, “వాణ్ణి ఆదివారం ఇటు పంపు, నేను చెప్తాను” అంది.