సాన్పి కొట్టేసి కళ్ళాపి అని రాశాను

నేను పుట్టి పెరిగింది గుడివాడ దగ్గర, పెళ్ళయ్యాక నల్గొండ వైపు వచ్చి ఇక్కడే ఒక హైస్కూల్లో తెలుగు చెప్తున్నా, పన్నెండేళ్ళయింది. వ్యాసాలు దిద్దడం గురించి ఎప్పట్నుంచో రాద్దామనుకుంటున్నా, ఇవాళ కుదిరింది.

రెండేళ్ళ కింద ఎనిమిదో తరగతి వాళ్ళకి "మా ఇంట్లో పెద్దవాళ్ళు" అని వ్యాసం ఇచ్చా. ఒకమ్మాయి వాళ్ళ నాయనమ్మ గురించి రెండు పేజీలు రాసింది. "మా నాయనమ్మ పొద్దుగాల లేసి వాకిలి ఊడ్సి సాన్పి చల్లుతది" అని మొదలు. నేనేం చేశానంటే, లేసి కొట్టేసి లేచి, ఊడ్సి కొట్టేసి ఊడ్చి, సాన్పి కొట్టేసి కళ్ళాపి, చల్లుతది కొట్టేసి చల్లుతుంది. ఒక్క వాక్యంలో నాలుగు. మొత్తం రెండు పేజీల్లో పందొమ్మిది చోట్ల ఎర్ర ఇంకు. ఆ పిల్ల నోట్‌బుక్ తీసుకుని చూసి మెల్లగా "మా ఊర్ల కళ్ళాపి అనరు టీచర్, సాన్పే అంటరు" అంది. నేను సరే సరే కూర్చో అన్నా.

తర్వాతి వ్యాసం చెట్ల గురించి. ఆరే లైన్లు. "చెట్లు మనకు నీడనిస్తాయి. చెట్లు మనకు పండ్లనిస్తాయి." ఒక్క తప్పు లేదు, గైడ్‌లో ఉన్నది ఉన్నట్టు దించింది. ఎందుకింత చిన్నగా రాశావమ్మా అంటే "తప్పులొస్తయని టీచర్" అంది. ఆ మాట నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ప్రతి ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి గురించి ప్రార్థనలో నేనే మాట్లాడతా, జనం మాట్లాడే భాషలో చదువు ఉండాలని ఆయన ఎంత పోరాడారో చెప్తా, మరి సాన్పి జనం మాట్లాడే మాట కాదా?

అప్పట్నుంచి పద్ధతి మార్చా. మొదటిసారి చదివేటప్పుడు చేతిలో పెన్ను ఉండదు. ఏం చెప్పిందో చదువుతా అంతే. రెండోసారి పెన్సిల్ తీసుకుని ఒకటో రెండో రకాల తప్పులు మాత్రమే, అదీ కింద గీత గీసి వదిలేస్తా, సరైనది నేను రాయను, వాళ్ళే వెతుక్కోవాలి.

ఎక్కువగా వచ్చేవి ఒత్తులే. విధ్యార్ధి, భాద, అద్యక్షుడు, ఇవి ప్రతి క్లాసులో ఉంటాయి. పిల్లల్ని తిట్టి లాభం లేదండీ, మనం మాట్లాడేటప్పుడు ద కి ధ కి తేడా పెద్దగా పలకం కదా, చెవికి వినపడనిది చేతికి ఎలా వస్తుంది. అందుకే జతలుగా చెప్తా. అర్ధరాత్రిలో సగం ఉంది కాబట్టి ధ, పాఠం అర్థమైతే థ. ఇంకోటి, అచ్చ తెలుగు మాటల్లో ఒత్తక్షరాలు దాదాపు ఉండవు, నలభై యాభై లాంటివి కొన్ని తప్ప. ఈ ఒక్క ముక్క తెలిస్తే భొమ్మ అని రాసేవాళ్ళు సగం మంది ఆగిపోతారు.

నిజంగా పట్టుకోవాల్సిన తప్పు మాత్రం వేరే ఉంది. "నేను ఇంటికి వెళ్ళి అమ్మ అన్నం పెట్టింది" అని రాస్తారు. వెళ్ళింది నువ్వు, పెట్టింది అమ్మ, ఇద్దరు చేసే పనుల్ని వెళ్ళి అని అలా కలపకూడదు, వెళ్ళాక అనో వెళ్తే అనో ఉండాలి. క్త్వార్థకం అని పుస్తకంలో పేరు చదివితే ఎవరికీ ఎక్కదు, ఎవరు వెళ్ళారు ఎవరు పెట్టారు అని అడిగితే వాళ్ళే నవ్వి దిద్దుకుంటారు. వెంటనే ఒకడు లేచి "మరి వాన పడి చెరువు నిండింది అంటం గద టీచర్" అంటాడు. కరెక్టే, అక్కడ వాన వల్లే చెరువు నిండింది కాబట్టి చెల్లుతుంది. ఇలాంటి ప్రశ్న వచ్చిన రోజు నాకు పండగే.

ఇంకోటి ఈ "బడింది" గోల. స్వచ్ఛభారత్ 2014 అక్టోబరు 2న ప్రారంభించబడింది అట. ఇంట్లో ఎవరైనా అన్నం వండబడింది అంటారా? ప్రారంభించారు అంటే సరిపోతుంది. దీనికి మాత్రం నేను గీత గీస్తా, ఎందుకంటే ఇది ఏ ఊరి మాటా కాదు.

వస్తది, లేసి లాంటివి పరీక్షలోనూ దరఖాస్తులోనూ ఎలా రాయాలో విడిగా చెప్తా, తప్పని చెప్పను. సొంత కథ రాసేటప్పుడు వాళ్ళిష్టం.

ఆ అమ్మాయి పదో తరగతికి వచ్చింది. మొన్న బతుకమ్మ గురించి మూడున్నర పేజీలు రాసిచ్చింది, మూడో లైన్లోనే వాకిట్ల సాన్పి ఉంది. బాధని ఇంకా భాద అనే రాస్తోంది, అర్థం మాత్రం ఇప్పుడు ప్రతిసారీ థ తోనే.