పవర్ ప్యాడెల్ రాకెట్ కొనేదానికి నేను పడిన పాట్లు

రాకెట్ నిన్ననే చేతికొచ్చింది, కోపం మాత్రం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తాండా. మాది అనంతపురం, ప్యాడెల్ (టెన్నిస్ లాంటిదే, చుట్టూ గ్లాస్ గోడలున్న కోర్టులో, తీగలు లేకుండా రంధ్రాలుండే రాకెట్‌తో ఆడేది) ఆడేది బెంగళూరులో, శనివారం బస్సెక్కి పోతా. ముందునుంచీ టెన్నిస్ ఆడినోణ్ణి, స్మాష్ నా బలం, మా గ్రూపులో అందరూ అడ్వాన్స్‌డ్ వాళ్లే. పాత రౌండ్ రాకెట్‌తో ఎంత ఊపి కొట్టినా బాల్ వెనక గ్లాస్‌కి తగిలి అవతలోళ్లకి సుఖంగా అందుతాంటే ఇంక డైమండ్ షేప్ తీసుకోవాలని డిసైడ్ అయినా.

ఏది కావాలో తేల్చుకునేది సులువే. డైమండ్‌లో బరువు తలవైపు ఉంటాది, స్వీట్ స్పాట్, అంటే బాల్ సరిగ్గా తగలాల్సిన చోటు, పైన ఉంటాది కానీ చిన్నది, సరిగ్గా తగలకపోతే మోచెయ్యి దాకా అదురుతాది. లోపల గట్టి ఈవీఏ ఫోమ్, పైన కార్బన్. 3కే, 12కే, 18కే అని గొప్పగా రాస్తారే, అది ఒక్కో పోగులో ఎన్ని వేల సన్న దారాలున్నాయో చెప్పేది, అంతే, నంబర్ పెరిగితే పవర్ పెరగదప్పా.

అసలు కథ షాపులో. పేరు రాయను. కౌంటర్‌లో పిల్లోడు తెలుగోడే. ఒకే మోడల్‌లో కూడా ఒక్కో రాకెట్ బరువు ఒక్కో రకంగా ఉంటాది, డబ్బా మీద రేంజ్ మాత్రమే వేస్తారు, అందుకే ఒకసారి తూకం వేసి చూపించు నాయనా అన్నా. వాడు నా చెప్పులు చూసి, "అంకుల్, మీది ఏ ఊరు?" అన్నాడు. అనంతపురం అని చెప్పినా. "అక్కడ కోర్టు ఉందా అంకుల్?" అని పక్కోణ్ణి చూసి నవ్వినాడు. తర్వాత మెత్తటి రౌండ్‌ది తీసి, ఇది మీ భుజానికి మంచిదంట! డైమండ్ డెమో కావాలంటే మీరు ఆడే వీడియో చూపించండి అన్నాడు. రాకెట్ కొనేదానికి వీడియో ఏందప్పా, పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగరు. సరే అని ఫోన్ తీసి వెతికితే అన్నీ మా పాప స్కూల్ యానివర్సరీ డ్యాన్సులే, వెనక బిల్లు కోసం నిలబడినోళ్లంతా తొంగి చూస్తాండారు. నేను గమ్మున ఫోన్ జేబులో పెట్టుకుని బయటికొచ్చేసినా.

కోర్టు లేకపోతే ఏం? 2010లో నదాల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూల్ పెట్టింది మా అనంతపురంలోనే, ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ స్పోర్ట్స్ విలేజ్‌లో. ఆ పిల్లోడికి ఇది తెలిసుంటే కదా. ఊరి పేరు విని మనిషి ఆటని కొలిచేవాళ్లకి కౌంటర్ ఇచ్చిన ఓనర్ని అనాల.

తర్వాత ఇంకో క్లబ్‌లో కోచ్ ఏమీ అడక్కుండా డెమో ఇచ్చినాడు. మొదటి గేమ్‌లో అన్ని డైమండ్లూ బాగానే ఉంటాయి, రెండు గంటలు ఆడినాక వాలీకి (బాల్ కింద పడకముందే కొట్టేదానికి) చెయ్యి లేస్తాందా లేదా అనేది చూడాల. ప్యాడెల్ స్టార్ హువాన్ లెబ్రోన్ బాబోలా కంపెనీ వైపర్ రాకెట్ పట్టుకున్నాడని మనమూ పట్టుకుంటే ఆయప్ప మోచెయ్యి మనకి రాదు కదా. మరీ రాయిలా ఉన్నదొకటి నా వాలీలకి ఆలస్యమయింది, పక్కన పెట్టేసి కొంచెం తేలికది తీసుకున్నా.

ఊరికొచ్చి తెలిసిన బంగారం షాపాయన కాటా మీద పెట్టిస్తే 364 గ్రాములు, ఆయన ఇదేం జల్లెడ సామీ అని ఒకటే నవ్వు. ఓవర్‌గ్రిప్ చుట్టినాక 5 గ్రాములు పెరిగింది, ఆ బరువు పిడి దగ్గరే కాబట్టి తల కాస్త తేలికైనట్టు అనిపిస్తాది, మీరూ డెమో ఆడేటప్పుడు గ్రిప్ చుట్టుకునే ఆడండి. మణికట్టు తాడు తప్పకుండా వేసుకోండి, రూలే అది.

ఇంకోటి, మా ఎండలకి కారు డిక్కీలో వదిలేస్తే ఫోమ్ మెత్తబడి డబ్బులు పోసి కొన్న గట్టిదనం పాయె. అందుకే నాది బస్సులో కూడా ఒళ్లోనే పెట్టుకుంటా, కండక్టర్ లగేజీలో వేయమన్నా వేసేది లేదు.