బొంత కుట్టు, ఆరో వారం: లెక్క తప్పిన ముక్కలు

ఈ వారంతో పైపొర ముక్కలన్నీ అతికాయి. బొంత ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. అడుగున అమ్మ పాత మంగళగిరి చీర, రెండుగా కోసి పక్కపక్కన అతికాను. మధ్యలో ఉతికి ఉతికి మెత్తబడిన పంచెలు.

పైముక్కల్లో సగం మా వీధి టైలరు ఇచ్చినవే. అడిగితే "బొంతకేనామ్మా? మూట మొత్తం పట్టుకెళ్లండి, ఎలాగూ పారబోసేదే" అన్నాడు. మిగతావి విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్లో కొన్న తాను చివర్లు, కొన్ని పెడనలో చెక్క అచ్చులతో అద్దిన కలంకారీ ముక్కలు. పాలిస్టర్ ఏరడానికే ఒక పూట పట్టింది. అనుమానమొస్తే ఒక పోగు లాగి అగ్గిపుల్లకు చూపించండి. నూలైతే కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. ఎర్రవాటిని విడిగా నానబెట్టి, రంగు దిగడం ఆగేదాకా నాలుగుసార్లు నీళ్లు మార్చాను.

మొదట గళ్ల కాగితం మీద గీసుకుని, నాలుగంగుళాల చదరాలు, ముదురు పక్కన లేత, రెండు వారాలు అలాగే కుట్టాను. చూస్తే ప్రాణం లేదు. పైగా టైలరు కత్తెర వదిలిన గుడ్డ చదరంగా ఉండదు కదా! చంక వంపులు, మెడ అర్ధచంద్రాలు, చేతుల వాలు. చదరం చెయ్యబోతే సగం గుడ్డ చెత్తలోకే.

కాగితం పక్కన పడేసి, చేతికొచ్చిన ముక్కను దాని వంపుతోనే పరచడం మొదలుపెట్టాను. అంచు పావంగుళం లోపలికి మడిచి, పక్కముక్క మీదికి అరంగుళం ఎక్కించి కుట్టడమే. ఒకే తానులోవి రెండు పక్కపక్కన పడకుండా చూసుకుంటున్నా, అంతే. పసుపు మెడముక్క ఒకటి నీలం గళ్ల లుంగీ మీద కూర్చుంది. పదిరోజులు గీసినా నాకా జత తట్టేది కాదు. పాత చదరాలు విప్పలేదు, ఎడమ మూలన అలాగే ఉంచాను.

కలంకారీ ముక్క ఒకదాన్ని మాత్రం ఎంతసేపు చూశానో. అచ్చు దింపేటప్పుడు వెంట్రుకవాసి జరిగినట్టుంది, ఆకు అంచున నల్లగీత రెండుగా చీలింది. ఇనుపముక్కలు బెల్లంనీళ్లలో పులియబెట్టి తీసిన నలుపు అది, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడితేనే అంత చిక్కగా తేలుతుంది. ఆ చీలిక దగ్గర అద్దిన మనిషి చెయ్యి కనిపిస్తుంది నాకు. ఇదివరకైతే ఆ అంచు కత్తిరించేసేదాన్ని. ఇప్పుడది బొంత నడిమధ్యలో ఉంది.

ఇక మూడు పొరలూ కలిపి రన్నింగ్ కుట్టు. వడ్లగింజంత కుట్టు, వరసల మధ్య వేలెడు ఎడం. దారం మూరన్నర మించితే చిక్కు పడుతుంది. దబ్బనం వద్దు, బొక్కలు మిగులుతాయి. నేను స్కేలుతో గీతలు గీస్తుంటే అమ్మ "గీత ఎందుకే? నీ వేలికి తెలియదా ఎడం?" అంది. స్కేలు తీసేశాక వరసలు ముక్కల వంపుల వెంట, కాలువ నీళ్లలా తిరుగుతున్నాయి.

అడుగు చీర అతుకు పక్కనే జానెడు చిరుగుంది. లోపలికి మడిచేద్దామనుకున్నాను గానీ, మిగిలిన పసుపు మెడముక్క దానిమీద సరిగ్గా సరిపోయింది. రేపు ఎర్రదారంతో, కనిపించేలాగే, చుట్టూ మూడు వరసలు కుడతాను.