నార్మన్ తర్వాతి సోమవారం

సంచిక కమిటీ తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, రెండు పేజీలు చాలు. ఏదైనా రాయండి. 2002 ఫాల్ బ్యాచ్ నుంచి ఇంతవరకు ఒక్కరూ పంపలేదు" అన్నాడు. బావ రాస్తే హెన్సెల్ పార్క్ వంటల గురించే రాస్తాడు. చీరాల అన్న ఆ కరోలా గురించి రాస్తాడు. ఆ రెండూ వాళ్ళకే వదిలేసి నేను 77-0 గురించి రాస్తున్నాను, 2003లో ఓక్లహోమా వాళ్ళ ఊరు నార్మన్‌లో మన టెక్సాస్ ఏ అండ్ ఎమ్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఓడిన మ్యాచ్ గురించి. ఆ అంకె కనబడగానే పేజీ తిప్పేసేవాళ్ళు మనలో ఉన్నారని తెలుసు. ఈ ఒక్కసారి తిప్పకండి.

అసలు మనకు ఫుట్‌బాల్ పిచ్చి పట్టించింది అంతకు ముందు ఏడాది ఓక్లహోమా మ్యాచే. 2002 నవంబర్ 9. వాళ్ళు దేశంలో నంబర్ వన్. మనం వచ్చి మూడు నెలలు కూడా కాలేదు, ఫస్ట్ డౌన్ అంటే ఏమిటో పక్కన నిలబడ్డ పిల్లలను అడిగి తెలుసుకుంటున్నాం. అంతలో మన టీమ్ తరఫున మెక్‌నీల్ దిగాడు. ఫస్ట్ ఇయర్ కుర్రాడు, ఊళ్ళో అప్పటిదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోనివాడు. 30-26తో గెలిచాం. మ్యాచ్ అంతా నిలబడే చూడాలన్న రూలు గురించి పొద్దున గొణిగిన విజయనగరం బాబాయి, ఆ రాత్రి మన స్టేడియం కైల్ ఫీల్డ్ మూడో అంతస్తు నుంచి దిగనని కూర్చున్నాడు. తర్వాతి మ్యాచ్ టికెట్లు ఇచ్చే సోమవారం, ఆ టికెట్ పుల్‌కు తెల్లవారకముందే దుప్పట్లతో వెళ్ళి లైన్లో పడుకుంది మనమే.

ఆ వసంతంలోనే వాండరర్స్‌లో క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. 2003 మార్చి 23న రాత్రి రెండింటికి ఇరవై మందిమి ఒక్క గదిలో కూర్చున్నాం. ఆస్ట్రేలియా 359 కొట్టింది, సచిన్ మొదటి ఓవర్లోనే అవుటయ్యాడు, 125 పరుగులతో ఓడాం. తెల్లారేసరికి ఎవరి గదికి వాళ్ళు మాట లేకుండా వెళ్ళిపోయారు. వారం దాకా ఎవరూ క్రికెట్ పేరెత్తలేదు. మనకు ఓడిపోవడమంటే అదే తెలుసు. టీవీ కట్టేయడం, తలుపు వేసుకోవడం.

ఇక 2003 నవంబర్ 8. కోచ్‌గా స్లోకమ్ వెళ్ళిపోయి ఫ్రాంచియోనీ వచ్చిన మొదటి సీజన్. బావా వరంగల్ తమ్ముడూ నార్మన్ దాకా కారేసుకుని వెళ్ళారు, మిగతావాళ్ళం మా అపార్ట్‌మెంట్లో టీవీ ముందు ఉన్నాం. హాఫ్‌టైమ్‌కు 49-0. మూడో క్వార్టర్ అయ్యేసరికి 77-0. నాలుగో దాంట్లో వాళ్ళింక స్కోరు చెయ్యలేదు. మొత్తం మ్యాచ్‌లో మన టీమ్ ముందుకు కదిలింది 54 గజాలు. మన కాలేజీ చరిత్రలో అంత పెద్ద ఓటమి లేదు. మధ్యలో చీరాల అన్న లేచి పప్పు పొయ్యి మీద పెట్టాడు. రెండో హాఫ్ అంతా ఆ కుక్కర్ విజిల్సే నాకు గుర్తు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి, మనమంతా తాతగారు అనుకునే ప్రొఫెసర్ క్లాసు. ఆయన గురించి మీకు నేను చెప్పేదేముంది. మెరూన్ టై, వేలికి అరిగిపోయిన ఉంగరం, తలుపు దగ్గరే "హౌడీ". ఆయన కూడా నార్మన్ వెళ్ళారని, గడియారం సున్నా అయ్యేదాకా నిలబడే ఉన్నారని బావ అప్పటికే చెప్పాడు. దాంతో క్లాసంతా ఆయన మొహంలోకే చూస్తోంది. ఆయన బోర్డు మీద ఓ మూల 77-0 అని రాశారు. "మన పిల్లల్లో ఎవరికైనా దెబ్బలు తగిలాయా?" అని అడిగారు. పెద్ద దెబ్బలేమీ లేవన్నట్టుంది అని ఎవరో అన్నారు. "మంచిది" అని బోర్డు మధ్యలో దుంగల వరసలు గీయడం మొదలుపెట్టారు.

మనం రాకముందు, 1999 నవంబర్ 18 తెల్లవారుజామున 2 గంటల 42 నిమిషాలకు కూలిన బాన్‌ఫైర్ అది. యాభై తొమ్మిది అడుగుల ఎత్తు, అయిదు వేలకు పైగా దుంగలు, 12 మంది చనిపోయారు, 27 మందికి గాయాలు. టెక్సాస్ యూనివర్సిటీతో మ్యాచ్‌కు ముందు అప్పట్లో ఏటా పేర్చి వెలిగించే చితి అది. ఆయన ఆ గంటంతా ఏ ఉద్వేగమూ లేకుండా, మామూలు లెక్కలాగానే చెప్పారు. కింది అంతస్తు దుంగల మధ్యలోకి పై అంతస్తు దుంగలను చీలల్లా దిగగొట్టడం వల్ల లోపలి నుంచి బయటికి ఒత్తిడి ఎంత పెరిగింది, ఆ ఒత్తిడిని చుట్టూ బిగించిన తీగ ఎందుకు ఆపలేకపోయింది, నేల వాలు ఎటు తోసింది. ఒక్కొక్క బాణం గుర్తు వేసి, ఒక్కొక్క సమీకరణం రాసి చూపించారు. విచారణ సంఘం మరుసటి ఏడాది చెప్పిన కారణాలు ఇవే. ఏళ్ళ తరబడి నిలబడింది కాబట్టి ఈసారీ నిలబడుతుందని అందరూ అనుకున్నారని, లెక్క వేసి సంతకం పెట్టిన ఇంజనీరు ఒక్కడూ లేడని చెబుతున్నప్పుడు మాత్రం సుద్ద పక్కన పెట్టి కిటికీ వైపు తిరిగారు.

ఆ ఉదయం ఆయన అక్కడే ఉన్నారు. మిషన్లతో లాగితే కింద ఉన్నవాళ్ళ మీద మిగతావి పడతాయని, దుంగలను చేతులతో ఒక్కొక్కటిగా తీయాల్సి వచ్చింది. ఫుట్‌బాల్ టీమ్ కుర్రాళ్ళు వచ్చి మోశారు. ఎనిమిది రోజుల తర్వాత ఆ కుర్రాళ్ళే కైల్ ఫీల్డ్‌లో దిగి టెక్సాస్ మీద 20-16తో గెలిచారు. హాఫ్‌టైమ్‌లో టెక్సాస్ బ్యాండ్ వాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారట. ఆ గెలుపును కూడా ఆయన గొప్పగా చెప్పలేదు. అది చెప్పి, గంట అయ్యాక బోర్డు తుడిచారు. మూలనున్న 77-0 కూడా దాంతోపాటే పోయింది. వచ్చే శనివారం మిజోరీతో మ్యాచ్ ఉందని గుర్తు చేసి, హోమ్‌వర్క్ ఇచ్చి వెళ్ళిపోయారు.

మిజోరీలోనూ ఓడాం. నవంబర్ 28న టెక్సాస్ చేతిలో 46-15తో ఓడాం. 4-8తో సీజన్ ముగిసింది. అయినా టెక్సాస్ మ్యాచ్ అయిపోయాక ఒక్క మెరూన్ చొక్కా కదల్లేదు. ఓడితే స్టాండ్స్‌లోనే ఉండి యెల్ ప్రాక్టీస్ చేయాలి, అంటే అందరూ కలిసి నినాదాలు అరవాలి, అప్పుడే వచ్చే ఏడాదికి తయారీ మొదలైనట్టు. చుట్టూ ఉన్న పిల్లలు ఏడుస్తూనే అరుస్తున్నారు. మనవాళ్ళంతా భుజాల మీద చేతులేసుకుని ఊగాం. వరంగల్ తమ్ముడి గొంతు అందరికంటే పైన వినబడింది. అగీలు, అంటే మన కాలేజీవాళ్ళు, ఓడిపోరు, టైమ్ అయిపోతుంది అంటారు కదా, ఆ మాటను నేను మనస్ఫూర్తిగా నమ్మింది ఆ రాత్రే. ఓక్లహోమా సంగతి మీకు తెలుసు. మనను 77తో కొట్టిన అదే టీమ్ డిసెంబర్లో కాన్సస్ స్టేట్ చేతిలో 35-7తో ఓడింది, జనవరిలో షుగర్ బౌల్ మ్యాచ్‌లో ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్) చేతిలోనూ ఓడింది. వాళ్ళు ఓడారని నాకు సంతోషం కలగలేదు. నార్మన్‌లో కూడా ఆ రాత్రి ఎవరో పప్పు పొయ్యి మీద పెట్టి ఉంటారు అనిపించింది.

థీసిస్, ఉద్యోగం, పెళ్ళి, ఇవన్నీ మీకు తెలిసినవే. ఇప్పుడు హ్యూస్టన్ చుట్టుపక్కల వంతెనలు కొన్ని నా సంతకంతో నిలబడి ఉన్నాయి. కట్టడం అయ్యేదాకా ఉండి, తర్వాత తీసేసే సెంట్రింగ్ లెక్కలు కూడా నేనే చూస్తాను. తాత్కాలికమైనదే కదా, దానికి ఇంత దేనికి అని మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అడుగుతారు. బోర్డు దగ్గరికి పిలిచి దుంగల వరసలు గీసి చూపిస్తాను. తాతగారు గీసిన వరసలోనే గీస్తాను, బాణాలు కూడా అలాగే. ఇరవై ఏళ్ళు దాటినా, నేను చూసిన పనిలో ఎవరికీ దెబ్బ తగల్లేదు. నా జీవితంలో నేను చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అది అదే.

ఆ తర్వాత కూడా మన స్కోర్లు మనను వదల్లేదు. 2012లో టస్కలూసా వెళ్ళి నంబర్ వన్ అలబామాను 29-24తో ఓడించాం. రెండేళ్ళు తిరక్కుండానే అక్కడే 59-0తో ఓడాం. ఆ రోజు గ్రూపులో తమ్ముళ్ళు కోచ్‌ను తీసేయాలని, సీజన్ టికెట్లు వెనక్కిచ్చేస్తామని రాస్తుంటే బావ పెట్టింది ఒక్క అంకె, 77. 2002 బ్యాచ్ అంతా ఆ మెసేజ్‌కు దణ్ణాలు పెట్టింది.

మా పెద్దమ్మాయి ఇప్పుడు అక్కడే సివిల్ చదువుతోంది. పదమూడేళ్ళ తర్వాత టెక్సాస్ మళ్ళీ మన ఊరొచ్చిన 2024 నవంబర్ 30న అది స్టూడెంట్ సెక్షన్లో ఉంది. 17-7తో ఓడాం. మ్యాచ్ అయిన అరగంటకు ఫోన్ చేస్తే వెనక హోరులో ఏమీ వినబడలేదు. "ఇంకా ఇక్కడే ఉన్నాం నాన్నా, యెల్ లీడర్లు వచ్చారు. గొంతు పోయింది, రేపు మాట్లాడతా. సోమవారం స్టీల్ డిజైన్ హోమ్‌వర్క్ కూడా ఇవ్వాలి" అని పెట్టేసింది.