ముసురులో బెల్లం పూత సోంపు: ఎండుతోంది కానీ నిలవడం లేదు

బెల్లం పూత మళ్లీ చెమ్మగిల్లింది. రాత్రి పళ్లెంలో గింజకు గింజ విడివిడిగా గలగలలాడిన సోంపు తెల్లవారేసరికి ఒకటే ముద్ద. తిరుపతిలో ముసురు పట్టి ఉంది. వంటగదిలో తేమ మీటరు 78 శాతం దగ్గర కదలకుండా కూర్చుంది.

చక్కెర పూత ఇప్పుడు చక్కగా వస్తోంది, దాని గురించి ఇక రాయను. నాకు కావలసింది బెల్లం పూత. పక్కనే చిత్తూరు బెల్లం ఉండగా, రంగులద్దిన చక్కెర గింజలను భోజనం తర్వాత ఎందుకు నమలాలి? మా అమ్మ ఇప్పటికీ చిటికెడు సోంపు, చిన్న బెల్లం ముక్క కలిపి నములుతుంది. కడుపు ఉబ్బరానికి ఆమె వైద్యం అదే. సోంపు తైలంలో ప్రధానమైనది అనెథోల్ అనే సుగంధ పదార్థం. ఈ తైలం పేగు కండరాల బిగువును సడలిస్తుంది కాబట్టి ఆ అలవాటును నేను తేలిగ్గా తీసుకోను. ఆ రెండు రుచులూ ఒకే గింజలో కావాలి, అంతే.

ఇక కొలతలు. లక్నో సోంపు 200 గ్రాములు తీసుకున్నాను. లావు గింజ రకం పూతకు పనికిరాదని నా గట్టి అభిప్రాయం, నమిలితే పీచు మిగులుతుంది. బెల్లం 150 గ్రాములు, నీళ్లు 50 మిల్లీలీటర్లు, కరిగాక గుడ్డలో వడకట్టాను. పాకం 106 డిగ్రీల దగ్గర పోస్తే గింజ తడిసి, అంతకు ముందు పట్టిన పూత కూడా కరిగిపోయింది. 118 దగ్గర పోస్తే గరిటె తిప్పేలోపే గడ్డలు కట్టింది. 111, 112 మధ్య మాత్రమే సమంగా పట్టింది. పూత ముగిశాక మొత్తం 322 గ్రాములు. అందులో 100 గ్రాములు గాజు సీసాలో పోసి మూత బిగించాను, 222 గ్రాములు పళ్లెంలో వదిలాను. పొద్దున పళ్లెంలోవి 230 గ్రాములు తూగాయి. ఎనిమిది గ్రాముల నీటిని గాలి నుంచి తాగాయన్నమాట. సీసాలోవి బరువు మారలేదు, అయినా అడుగున కొన్ని అతుక్కున్నాయి. నన్ను ఎక్కువగా వేధిస్తున్నది ఆ సీసాయే.

పళ్లెం సంగతి కొంత అర్థమవుతోంది. శుద్ధమైన చక్కెర గాలిలో తేమ 85 శాతం దాకా ఉన్నా పొడిగా నిలుస్తుంది. బెల్లంలో సుక్రోజుతో, అంటే మామూలు చక్కెరతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉంటాయి. ఫ్రక్టోజుకు 62 శాతం తేమ చాలు, నీరు లాగడం మొదలుపెడుతుంది. 78 శాతంలో అది ఎలా నిలుస్తుంది? పాకంలో నిమ్మరసం పిండమని సలహా ఇచ్చేవారున్నారు. బెల్లం పూతకు అది ససేమిరా వద్దు, పులుపు తగిలితే సుక్రోజు విడిపోయి ఆ రెండూ ఇంకా పెరుగుతాయి.

సీసాకు కారణం వేరే అయి ఉండాలి. 112 డిగ్రీల పాకంలో ఇంకా సుమారు ఏడో వంతు నీరే ఉంటుంది. పైపొర ఎండినట్టు కనిపించినా లోపలి నీరు నెమ్మదిగా బయటికి వస్తోందని నా అనుమానం. గింజలోని నూనె పూతను వదులు చేస్తోందేమోనని కూడా చూశాను. 10 గ్రాముల తుమ్మజిగురును 20 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, 50 గ్రాముల సోంపుకు ముందుగా ఆ పొర వేసి, దానిపై బెల్లం పట్టించాను. అతుక్కోవడం ఏమాత్రం తగ్గలేదు. కాబట్టి తప్పు నూనెది కాదు.

మెరిసే పసుపు బెల్లం వాడి చూడమన్నాడు ఒక మిత్రుడు. హైడ్రోస్ అనే రసాయనం వేసి రంగు తేల్చిన బెల్లం నా వంటగదిలోకి రాదు. రవ్వకట్టిన ముదురు రంగు గట్టి బెల్లమే వాడతాను.

చక్కెర 70, బెల్లం 30 పాళ్లలో కలిపితే అదే రాత్రి, అదే గాలిలో పొడిగా నిలిచింది. వాసన బాగుంది, బెల్లం రుచి మాత్రం నాలుకకు అందలేదు. సగం సగం కలిపితే మళ్లీ ముద్దే.

ఇక లోపలి పొరలన్నీ బెల్లంతో వేసి, ఒక్కో పొరను ఓవెన్‌లో 50 డిగ్రీల దగ్గర అరగంట ఆరబెట్టి, చివరి పొరలు చక్కెరతో మూసేస్తాను. అంతకు మించి వేడి పెడితే సోంపు పరిమళం ఎగిరిపోతుంది. ఓవెన్ లోంచి తీసిన ప్రతి పొరనూ తూకం వేస్తే సీసా గుట్టు కూడా తేలుతుంది.

సోంపును మేమే పండించుకోవాలన్న మరో ఆలోచన కూడా ఉంది. సోంపు గుజరాత్, రాజస్థాన్‌లలో చలికాలపు పంట. మా మిద్దె మీది ఎండకు గింజ పాలు పోసుకుంటుందన్న నమ్మకం నాకు లేదు. మదనపల్లెలో మా పిన్నిగారి మిద్దె తోట ఇక్కడికంటే చల్లన. అజ్మీర్‌లోని జాతీయ విత్తన సుగంధ ద్రవ్యాల పరిశోధన కేంద్రం విడుదల చేసిన అజ్మీర్ ఫెన్నెల్-1 విత్తనం కోసం అడుగుతున్నాను. దొరికితే రెండు పెద్ద కుండీల్లో అక్కడ వేయిస్తాను. గింజ పచ్చగా ఉండగానే కోసి నీడలో ఆరబెట్టాలని పిన్నికి ఇప్పటి నుంచే చెబుతున్నాను.